అశోకవనంలో సీతమ్మ ఊరికే కూర్చోలేదు

 

పోయిన వారం సుందరకాండ వీడియోలో ఒక మాట సగంలో వదిలేశాను. సమయం చాలలేదు. మిగతాది రాసి పెడతానని చెప్పాను కదా, ఇదిగో. కాస్త పొడవే. తీరిగ్గా చదవండి.

ఈ మాట పుట్టింది తాడేపల్లిగూడెంలో. అక్కడ ప్రవచనం అయ్యాక నిట్‌లో చదువుకునే పిల్లలు కొంతమంది ప్రసాదం తీసుకుని వెళ్ళకుండా నిలబడ్డారు. వాళ్ళలో ఒక అమ్మాయి అడిగింది: "గురువుగారూ, హనుమంతుడు సముద్రం దాటాడు, లంక కాల్చాడు. సరే. సీతమ్మ ఏం చేసింది? చెట్టు కింద కూర్చుని ఏడవడం తప్ప?"

పక్కనున్న పెద్దాయన ఒకరు "తప్పమ్మా, అలా అడక్కూడదు" అన్నారు. ఎందుకు అడక్కూడదు? వాల్మీకిని చదివే ప్రతివాళ్ళూ ఒకసారైనా అడగాల్సిన ప్రశ్న అది. మనం ఇళ్ళల్లో పెట్టుకున్న పటాలు చూడండి. శింశుపా చెట్టు, కింద తల వంచుకున్న సీతమ్మ, చుట్టూ రాక్షస స్త్రీలు. ఆ పటం అబద్ధం కాదు. కానీ అది ఒక్క క్షణానిది. ఆవిడ లంకలో ఉన్నది నెలల తరబడి. ఆ నెలల్లో ఏం చేసిందో వాల్మీకి రాశాడు, చిన్న చిన్న ముక్కలుగా, వేర్వేరు కాండల్లో. ఆ ముక్కలన్నీ ఒకచోట చేర్చి చూస్తే మనకు కనిపించేది శత్రువు చేతిలో బందీగా ఉండి, కావలివాళ్ళ కళ్ళ ముందే తన యుద్ధం తను చేసిన మనిషి.

మొదటి ముక్క అరణ్యకాండలో ఉంది. రావణుడు ఎత్తుకుపోతున్నాడు. జటాయువు పడిపోయాడు. అరిచినా వినే దిక్కు లేదు. అప్పుడు కింద ఒక కొండ మీద అయిదుగురు వానరులు కనిపించారు సీతమ్మకి. వాళ్ళెవరో ఆవిడకి తెలియదు. మంచివాళ్ళో, చెడ్డవాళ్ళో కూడా తెలియదు. పట్టు ఉత్తరీయంలో నగలు మూటగట్టి వాళ్ళ మధ్యలో పడేలా జారవిడిచింది. రావణుడు తొందరలో ఉన్నాడు, గమనించలేదు. ఆ మూటే తర్వాత సుగ్రీవుడి చేతి మీదుగా రాముడి చేతికొచ్చింది. రాముడికి దొరికిన మొదటి ఆధారాల్లో అదొకటి, అది కూడా బందీ చేతి నుంచే వచ్చింది. ఆకాశంలో, అంత భయంలో, కాపలాదారుడికి తెలియకుండా వేసిన మొదటి ఎత్తు అది.

తర్వాత లంక. రావణుడు ముందు బతిమాలాడు. తన సంపద చూపించాడు, పట్టపురాణిని చేస్తానన్నాడు. కుదరలేదు. అప్పుడు పన్నెండు నెలల గడువు పెట్టాడు. గడువు దాటితే వంటవాళ్ళు ఉదయం ఫలహారానికి నిన్ను ముక్కలు చేస్తారన్నాడు. సామ, దాన, భేద, దండాలు మనం చిన్నప్పటి నుంచి వింటున్నవే. ఈ వరస గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో ఇంకోచోట మళ్ళీ కనిపిస్తుంది.

గడ్డిపరక సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. రావణుడితో నేరుగా మాట్లాడకుండా మధ్యలో గడ్డిపరక పెట్టింది. దాని మీద బోలెడు వ్యాఖ్యానాలు ఉన్నాయి. నాకు మాత్రం గడ్డిపరక కంటే దాని అవతలికి ఆవిడ పంపిన మాటలు ముఖ్యం. కాళ్ళ మీద పడి వదిలెయ్యమని ప్రాధేయపడలేదు. "నీ ఊళ్ళో నీకు మంచి చెప్పేవాళ్ళు లేరా? ఉన్నా నువ్వు వినవా?" అని అడిగింది. బందీ, కావలివాడి రాజ్యంలో మంత్రాంగం ఎలా ఉందో ఆరా తీస్తోంది! రాముడితో స్నేహం చేసుకో, బతుకుతావని సలహా కూడా ఇచ్చింది.

మంచి చెప్పేవాళ్ళు ఉన్నారా లేరా అన్నది ఊరికే అన్న మాట కూడా కాదు. దానికి జవాబు ఆవిడకి తెలుసు. హనుమంతుడితో మాట్లాడుతూ బయటపెట్టింది. విభీషణుడు తనను తిరిగి పంపించెయ్యమని అన్నకి చెప్తున్నాడనీ, రావణుడు వినడం లేదనీ. ఎలా తెలిసింది? విభీషణుడి పెద్ద కూతురు వచ్చి చెప్పింది. కొన్ని ప్రతుల్లో ఆ అమ్మాయి పేరు అనల, కొన్నిటిలో కళ. ఆ పిల్లని వాళ్ళమ్మే పంపింది. అవింధ్యుడనే ముసలి రాక్షసుడు కూడా రావణుడికి ఇదే హితవు చెప్పాడని ఆవిడకి తెలుసు. అంటే లంకలో రాజుగారి కొలువులో జరిగే మాట, రాజుగారి బందీకి చేరుతోంది. ఒక తల్లి, ఒక కూతురు ప్రాణాలకు తెగించి ఆ పని చేశారు. వాల్మీకి దీనికి ఖర్చు పెట్టింది రెండు మూడు శ్లోకాలే. మనం చదువుతూ చదువుతూ దాటేసి లంకాదహనానికి పరిగెత్తుతాం.

ఇప్పుడు హనుమంతుడు వచ్చిన ఘట్టం. దీన్ని మనం భక్తితో కళ్ళు తుడుచుకుంటూ వింటాం. వినాలి కూడా. కానీ ఒకసారి ఆవిడ వైపు నుంచి చూడండి. అంతకు కాసేపటి ముందే, ఇంక రెండు నెలలే మిగిలాయని రావణుడు బెదిరించి వెళ్ళాడు. రాక్షస స్త్రీలు మీద పడి తింటామన్నారు. ఆ రాత్రి ఆవిడ ధైర్యం పూర్తిగా జారిపోయింది. ప్రాణం వదిలేద్దామని కూడా అనుకుంది. దాన్ని వాల్మీకి దాచలేదు, మనమూ దాచక్కర్లేదు. గట్టి మనుషులకు కూడా అలాంటి రాత్రులు వస్తాయి. ఆ స్థితిలో చెట్టు మీంచి ఎవరో రామకథ చెప్తున్నారు. మనమైతే ఏం చేస్తాం? "రాముడు పంపాడా!" అని ఎదురెళ్ళిపోతాం. సీతమ్మ అలా చెయ్యలేదు. ఇది రావణుడి మాయ అయ్యుండొచ్చు, మొదట సన్యాసి వేషంలో వచ్చింది వాడే కదా అనుకుంది. గుర్తులు చెప్పమంది. రాముడు ఎలా ఉంటాడు, లక్ష్మణుడు ఎలా ఉంటాడు, నరులకూ వానరులకూ పొత్తు ఎలా కుదిరింది, అన్నీ అడిగింది. అన్నిటికీ జవాబు వచ్చాక, ఉంగరం చేతికొచ్చాక నమ్మింది.

తిరిగి తను పంపిన గుర్తులు చూడండి. ఒకటి వస్తువు, ఒకటి మాట. వస్తువు చూడామణి. కొంగున ముడివేసి దాచి ఉంచుకున్న మణి అది. మాట కాకి కథ. చిత్రకూటంలో ఒక కాకి తనను పొడిచినప్పుడు ఏం జరిగిందో, రాముడికీ తనకూ తప్ప మూడోవాళ్ళకి తెలియని సంగతి చెప్పి పంపింది. ఈ రోజుల్లో మీరు బ్యాంకు యాప్‌లోకి వెళ్ళాలంటే పాస్‌వర్డ్, దాని తర్వాత ఓటీపీ అడుగుతుంది కదా. రెండు తాళాలు. నవ్వుకోండి, పర్లేదు. కానీ ఆ పని చేసింది కన్నీళ్ళు ఇంకా ఆరని మనిషి.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు "సీతమ్మలా ఓర్చుకో" అని చెప్పే అలవాటు ఉంది. ఏలూరు వైపు పెళ్ళిళ్ళలో, అప్పగింతల దగ్గర ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. ఆశీర్వాదం కిందే అంటారు. తర్వాత ఆ పిల్ల కొట్టే మొగుడితోనో, పీడించే ఇంట్లోనో చిక్కుకుని ఏడుస్తూ ఫోన్ చేస్తే కూడా అదే మాట. "సీతమ్మ పడలేదా తల్లీ?" అని. దయచేసి అలా అనకండి. సీతమ్మ తనను బంధించినవాడి దగ్గర ఏం ఓర్చుకుంది? ఆకలి ఓర్చుకుంది, చలి ఓర్చుకుంది, నేల మీద పడుకుంది. వాడిని ఓర్చుకోలేదు. ఒక్క రోజు కూడా. వాడి తిండి, వాడి బట్ట, వాడి మాట ఏదీ ఒప్పుకోలేదు. బయటికి కబురు పంపే దారి ఎప్పుడు దొరికినా వదల్లేదు. అది సహనం కాదు, గొంతు పెంచకుండా చేసిన తిరుగుబాటు. ఇంట్లో చిక్కుకున్న ఆడపిల్లకి సీతమ్మ పేరు మీద చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే, "నగలమూట పడెయ్యి" అన్నదే. అంటే కబురు బయట పెట్టు. అమ్మకి చెప్పు, స్నేహితురాలికి చెప్పు, 181కి ఫోన్ చెయ్యి.

మన కొల్లేరు దగ్గర ఒక కథ చెప్పుకుంటారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి మీలో చాలామంది వెళ్ళే ఉంటారు. ఆ లంకలో ఒకప్పుడు గజపతుల కోట ఉండేదట. శత్రుసేన ఒడ్డున చిగురుకోటలో దిగింది. చుట్టూ నీళ్ళు, కోటకి చేరే దారి లేదు. దాంతో సరస్సు నీళ్ళు సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు తవ్వారని కథ. ఆ యుద్ధంలో ఒక సేనాని దేవతల్ని మెప్పించడానికి తన సొంత కూతురినే బలి ఇచ్చాడని, ఆమె పేరునే ఆ కాలువకి పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందని చెప్తారు. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు. కథలో ఆమె మాట ఒక్కటి కూడా లేదు. మనం సీతమ్మని కూడా ఈ వరసలోకి నెట్టేస్తాం, ఎవరి యుద్ధానికో బలైపోయిన ఆడమనిషి కింద. పేరంటాలమ్మకి నమస్కారం పెడదాం. కానీ సీతమ్మ కథ అది కాదు. సీతమ్మకి మాట ఉంది. వాల్మీకి ఆ మాటని పేజీల కొద్దీ రాశాడు.

ఇదంతా పురాణం, నిజ జీవితంలో బందీలు ఇలా ఉంటారా అని మీకు అనిపించవచ్చు. అదే రోజు తాడేపల్లిగూడెంలో ఇంకో కుర్రాడు ఈ మాటే అడిగాడు. అతనికి నేను వాళ్ళ ఊరి రన్‌వే గుర్తు చేశాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసింది. ఇవాళ్టి పిల్లలకి అది వాకింగ్ చేసే చోటు. కానీ 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. యుద్ధం మన గోదావరి జిల్లాల గుమ్మం దాకా వచ్చిన రోజులవి. సరిగ్గా ఆ నెలల్లోనే హాంకాంగ్‌లో జపాన్‌వాళ్ళ చేతిలో మన హైదరాబాద్ మనిషి ఒకాయన బందీగా ఉన్నాడు. కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ. ఏడో రాజ్‌పుట్ రెజిమెంట్, అయిదో బెటాలియన్. ఇంకా ముప్పై ఏళ్ళు నిండలేదు.

హాంకాంగ్ మీద జపాన్ దాడి 1941 డిసెంబర్ 8న మొదలైంది. డిసెంబర్ 25న, క్రిస్మస్ రోజున, అక్కడి సేన లొంగిపోయింది. రాజ్‌పుట్‌లు, పంజాబీలు వందల కొద్దీ ఖైదీలయ్యారు. అన్సారీ ఒక పెద్ద సంస్థాన పాలకుడికి దగ్గరి బంధువని జపాన్‌వాళ్ళకి తెలిసింది. ఇలాంటి మనిషి మనవైపు తిరిగితే మిగతా భారతీయ ఖైదీలందరూ తిరుగుతారని వాళ్ళ ఆశ. ముందు మంచి మాటలు. బ్రిటిష్‌వాళ్ళకి ఇచ్చిన మాట వదిలెయ్యమన్నారు, ఖైదీల్లో అసంతృప్తి రాజెయ్యమన్నారు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న వరస ఇదే. సామం, దానం, తోటివాళ్ళ మధ్య భేదం. మూడూ కుదరలేదు. 1942 మే నెలలో దండం మొదలైంది. స్టాన్లీ జైల్లో పడేశారు. తిండి మాడ్చారు, హింసించారు. సెప్టెంబర్‌లో బయటికి తెచ్చేసరికి ఆయన నడవలేని స్థితిలో ఉన్నాడు.

ఇక్కడితో ఆగిపోయినా ఆయన్ని గొప్పవాడనే అంటాం. కానీ అసలు కథ శిబిరానికి తిరిగొచ్చాక మొదలైంది. నడవలేని స్థితిలో వచ్చిన మనిషి, ఖైదీల మధ్య కూర్చుని జపాన్ ప్రచారానికి విరుగుడు చెప్పడం మొదలుపెట్టాడు. అంతేకాదు, తప్పించుకోవాలనుకునే ఖైదీలకు సాయం చేసే ఒక రహస్య ఏర్పాటు నడిపాడు. ఆ రోజుల్లో చైనా వైపు నుంచి హాంకాంగ్ శిబిరాల్లోకి రహస్యంగా కబుర్లు పంపే దళం ఒకటి ఉండేది, బ్రిటిష్ ఆర్మీ ఎయిడ్ గ్రూప్ అని. దాన్ని పెట్టిన లిండ్సే రైడ్ కూడా జపాన్ శిబిరం నుంచి తప్పించుకున్నవాడే. బయట అలాంటివాళ్ళు, లోపల ఇలాంటివాళ్ళు. మధ్యలో ముళ్ళకంచె. కంచె దాటి వెళ్ళాల్సింది ఒక మాట, ఒక గుర్తు. నగలమూట, చూడామణి మీకు గుర్తొస్తే అది నా తప్పు కాదు.

1943 మే నెలలో ఎవరో ఆయన సంగతి బయటపెట్టేశారు. మళ్ళీ స్టాన్లీ జైలు. ఈసారి అయిదు నెలలు. ఆ చిత్రహింసల వివరాలు ఇక్కడ రాయను, పిల్లలు కూడా చదువుతారు. మనిషి మాట మాత్రం మారలేదు. 1943 అక్టోబర్ 29న స్టాన్లీ సముద్రపు ఒడ్డున ఆయనతో పాటు ముప్పై మందికి పైగా ఖైదీలను చంపేశారు. బ్రిటిష్‌వాళ్ళు, చైనావాళ్ళు, భారతీయులు. అన్సారీ తల నరికారు. 1946 ఏప్రిల్‌లో ఆయనకు జార్జ్ క్రాస్ ప్రకటించారు. సమాధి అక్కడే, స్టాన్లీ సైనిక శ్మశానంలో ఉంది. మీలో ఎవరైనా హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తుంటే ఒకసారి వెళ్ళి రండి.

ఇప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయని తెలుసు. వీడియోలో ఈ పేరు ఎత్తగానే వచ్చాయి కూడా.

ఒకటి: "ఆయన ముస్లిం కదా, మన రామాయణంలోకి ఎందుకు తెచ్చారు?" ధర్మం ఎక్కడ నిలబడి కనిపిస్తే అక్కడ నమస్కారం పెట్టమని మా గురువులు నాకు నేర్పారు. పెట్టే ముందు పేరు అడగమని నేర్పలేదు. ఈ ప్రశ్నకి ఇంతకంటే జవాబు లేదు.

రెండోది నిజంగా బరువైన ప్రశ్న. "ఆయన నిలబడింది మన దేశం కోసం కాదు కదా, మనల్ని పాలిస్తున్న బ్రిటిష్ రాజు కోసం. అదే రోజుల్లో సింగపూర్‌లో ఖైదీలైన మనవాళ్ళు వేల మంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరి దేశం కోసం పోరాడారు కదా?" నిజమే. తేదీలు చూస్తే ఇంకా గుచ్చుకుంటుంది. నేతాజీ సింగపూర్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించింది 1943 అక్టోబర్ 21న. అన్సారీని చంపింది సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత. నా మనసు ఎటు అంటే నేతాజీ వైపే. దాచుకోను. ఆ ఫౌజులో నమ్మి చేరినవాళ్ళ త్యాగం ముందు నేను తల వంచుతాను.

అయినా అన్సారీ ముందూ తల వంచుతాను. ఎందుకంటే నేతాజీ వెనక నడిచినవాడు, తన మనసుకి తోచిన ధర్మం కోసం నడిచాడు. అన్సారీని మాత్రం అన్నం మాడ్చి, కొట్టి, మాట మార్చుకోమన్నారు. ఆకలితో పిండి తీసుకునే "సరే"కి ఏ ధర్మంలోనూ విలువ లేదు. ఆయన మాట ఎవరికి ఇచ్చాడన్నది చరిత్రకారులు తేలుస్తారు. కర్ర పట్టుకుని అడిగినవాడికి ఇవ్వలేదన్నది మాత్రం తేలిపోయిన విషయం. మన భీష్ముడు చూడండి, తప్పు పక్షాన నిలబడ్డాడని మహాభారతమే చూపిస్తుంది. అయినా ధర్మరాజు ధర్మం అడగడానికి అంపశయ్య దగ్గరికే వెళ్ళాడు.

అన్సారీ కథలో నన్ను ఎక్కువ కలిచేది ఆ "బయటపెట్టేశారు" అన్న మాట. లోపలివాళ్ళో, బయటివాళ్ళో ఎవరో ఒకరు. బందీ చేసే రహస్య యుద్ధం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఎవరినో ఒకరిని నమ్మాలి. నమ్మినవాళ్ళు అమ్మేస్తే తల పోతుంది. నమ్మకపోతే కబురు గడప దాటదు. సీతమ్మ ముందు కూడా ఇదే కత్తి వేలాడింది. అందుకే చివరగా యుద్ధకాండలోకి వెళ్దాం. సుందరకాండ పారాయణతో ఆగిపోయేవాళ్ళకి ఈ ఘట్టం దొరకదు. పాపం, చాలా పోగొట్టుకుంటారు.

రాముడు సేతువు దాటి వచ్చేశాడు. వానరసేన లంక ముందు దిగింది. రావణుడికి ఇంక తొందర. విద్యుజ్జిహ్వుడనే మాయావి చేత రాముడి తల లాంటి తలను, రాముడి విల్లు లాంటి విల్లును తయారు చేయించాడు. అశోకవనానికి తెచ్చి సీతమ్మ ముందు పెట్టాడు. "రాత్రి నిద్రలో ఉండగా మా ప్రహస్తుడు నీ మొగుణ్ణి చంపేశాడు. సేన చెదిరిపోయింది. ఇంక ఎవరి కోసం ఎదురుచూస్తావు?" అన్నాడు. ఖైదీని లొంగదీయడానికి ఎప్పటికీ పాతబడని అస్త్రం ఇదే. నీవాళ్ళు లేరు, నీ కోసం ఎవరూ రావడం లేదు అని చెప్పడం. ఆకలి చెయ్యలేని పని అబద్ధం చేస్తుంది. సీతమ్మ కూలిపోయింది. నన్నూ చంపి ఆయన పక్కన పెట్టెయ్యమంది.

అంతలో కొలువు నుంచి పిలుపు వచ్చి రావణుడు వెళ్ళిపోయాడు. వాడు అటు వెళ్ళగానే ఆ తల, విల్లు మాయమైపోయాయి. అప్పుడు వచ్చింది సరమ.

మన దగ్గర సరమను విభీషణుడి భార్యగా చెప్తారు, ఉత్తరకాండలో ఆయన భార్య పేరు సరమే. ఈ ఘట్టంలో మాత్రం వాల్మీకి ఆమెను పరిచయం చేసేది ఇంకో విధంగా. సీతమ్మకి కాపలాగా రావణుడు పెట్టిన రాక్షసి. కాపలా కాస్తూ కాస్తూ స్నేహితురాలైంది. ఎలా అయింది, ఎన్నాళ్ళు పట్టింది, మొదటి మాట ఎవరు కలిపారు, వాల్మీకి చెప్పలేదు. నేను మాత్రం ఊహించుకుంటాను. తనను తింటామని బెదిరించేవాళ్ళ గుంపులో, ఒక్క ముఖం కాస్త మెత్తగా ఉందని సీతమ్మ గమనించి ఉంటుంది. నెలల తరబడి చూసి ఉంటుంది. హనుమంతుడిని అంతగా పరీక్షించిన మనిషి, కాపలాదారుని పరీక్షించకుండా నమ్ముతుందా?

సరమ పొదల చాటున దాక్కుని రావణుడి మాటలన్నీ విన్నదట. వచ్చి చెప్పింది: అది మాయ తల్లీ, రాముడు బతికే ఉన్నాడు, సముద్రం దాటి సేనతో ఈ ఒడ్డునే ఉన్నాడు, నేను చూశాను అని. ఎండిన నేల మీద వాన పడ్డట్టు సీతమ్మకి ప్రాణం లేచొచ్చింది.

తర్వాత సరమ ఒక మాట అంది. నువ్వు చెప్పమంటే ఎవరికంటా పడకుండా రాముడి దగ్గరికి వెళ్ళి, నీ కబురు చెప్పి తిరిగి వచ్చెయ్యగలను అంది. ఆలోచించండి. పది నెలలు దాటిపోయాయి. భర్త కనుచూపు మేరలో ఉన్నాడు. ఇప్పుడే చచ్చిపోయాడని విని, బతికే ఉన్నాడని తెలుసుకున్న మనిషి. కబురు మోసేవాళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నారు. మీరైనా నేనైనా ఏం చెప్తాం? "వెళ్ళు, నేను బాగున్నానని చెప్పు, త్వరగా రమ్మను" అనమా?

సీతమ్మ వద్దంది. నాకు సాయం చెయ్యాలని ఉంటే రావణుడి దగ్గరికి వెళ్ళు అంది. వాడు మంత్రులతో ఏం మాట్లాడుతున్నాడో, నన్ను వదలాలనుకుంటున్నాడో లేదో తెలుసుకుని రా. నాకు అదే పెద్ద సాయం. వాడి మాయలతో నా మనసు కుదురుగా లేదు, ఏది నిజమో నాకు తెలియాలి.

నిట్ అమ్మాయికి ఆ రోజు నేను చెప్పింది ఈ ఘట్టమే. ఆ క్షణంలో సీతమ్మకి ఓదార్పు కన్నా నిజం కావాలి. ఇందాకే ఒక అబద్ధం తనను పడగొట్టింది, మళ్ళీ పడగొట్టకూడదు. అందుకే శత్రువు కొలువులోకి తన మనిషిని పంపింది. ఆ మనిషి కూడా శత్రువు జీతం తీసుకుంటున్న కాపలాదారే.

ఇంకో సంగతి కూడా ఉంది. యుద్ధం అయిపోయాక, ఈ రాక్షస స్త్రీలు నిన్ను ఎంత ఏడిపించారు, అనుమతి ఇస్తే అందరినీ చంపేస్తానని హనుమంతుడు అడిగినప్పుడు సీతమ్మ వద్దంది. రాజు చెప్పినట్టు చేసిన సేవకులు వాళ్ళు, వాళ్ళ మీద కోపం ఎందుకంది. దాన్ని మనం కరుణ అంటాం. కరుణే. అయితే ఆ గుంపులోంచే సరమ వచ్చిందని కూడా ఆవిడకి తెలుసు. ఆ గుంపులోంచే త్రిజట లేచి తన కల చెప్పి మిగతావాళ్ళ నోళ్ళు మూయించింది. శత్రువు పక్షంలో ఉన్నవాళ్ళందరూ ఒకటే అనుకుని ఉంటే ఆవిడ ఆ నెలలు దాటేది కాదు.

సరమ వెళ్ళింది. విన్నది. త్వరగానే తిరిగొచ్చింది. సీతమ్మ లేచి ఆమెను కౌగిలించుకుని, తనే ఆసనం చూపించి కూర్చోబెట్టింది. బందీ కాపలాదారుకి ఆసనం వెయ్యడం! కూర్చున్నాక ఉన్నదున్నట్టు చెప్పమని అడిగింది.

సరమ కమ్మగా చెప్పలేదు. రావణుడి తల్లి స్వయంగా నిన్ను వదిలెయ్యమని చెప్పింది, ఒక ముసలి మంత్రి చెప్పాడు, వినలేదు అంది. పిసినారి డబ్బును వదల్లేనట్టు వాడు నిన్ను వదల్లేడు, చస్తే తప్ప వదలడు, అది వాడి నిశ్చయం అంది. రాముడు వాణ్ణి గెలిచి నిన్ను తీసుకువెళ్తాడని కూడా అంది.

వాళ్ళిద్దరూ ఇలా మాట్లాడుకుంటూ ఉండగానే నేల అదిరింది. భేరీలు, శంఖాలు, వానరసేన సింహనాదాలు కలిసి ఒక్కసారిగా లంక మీదికి వచ్చాయి. ఆ శబ్దం వినగానే రావణుడి కొలువులోవాళ్ళ ముఖాలు పాలిపోయాయని రాశాడు వాల్మీకి.